పన్నెండేళ్ల వ్యాపారం తర్వాత ఒక లెక్క: దీన్ని సంపద అనవచ్చా?

మూడో అంతస్తు

అందరికీ నమస్కారం. అట్టపెట్టెలు తయారుచేసే చిన్న కర్మాగారం నాది. మొదలుపెట్టి పన్నెండేళ్లయింది, ఇరవై ఇద్దరు పనిచేస్తున్నారు. పోయిన మంగళవారం రుణ పరిమితి పెంచమని అడగడానికి బ్యాంకుకు వెళితే, సొంత ఆస్తిపాస్తుల పట్టిక నింపి ఇమ్మన్నారు. యంత్రాలు, షెడ్డు, నిల్వ సరుకు, రావలసిన బాకీలు, కంపెనీలో నా వాటా విలువ, అన్నీ రాసి కింద కూడితే వచ్చిన అంకె చూసి నాకే నవ్వొచ్చింది. బయటివాళ్లు చూస్తే నన్ను శ్రీమంతుల్లో కలిపేస్తారు.

అదే రోజు సాయంత్రం, అమ్మాయి కాలేజీ ఫీజు రెండు వారాలు ఆగి కట్టవచ్చేమో కనుక్కోమని మా ఆవిడకు చెప్పాను. శుక్రవారం జీతాలు ఇవ్వాలి. రావలసిన రెండు పెద్ద బిల్లులు ఇంకా రాలేదు.

నాతో చదువుకున్న మిత్రుడు ఉద్యోగంలో చేరి అక్కడే ఉండిపోయాడు. ఇంటి అప్పు తీర్చేశాడు, ఆదివారం మధ్యాహ్నం హాయిగా నిద్రపోతాడు. అతడు అలాంటి పట్టిక నింపితే నా అంకెలో సగం కూడా రాదు. మరి మా ఇద్దరిలో కలిగినవాడు ఎవరు? దయచేసి "కష్టపడితే ఫలితం ఉంటుంది" వంటి మాటలు వద్దు. అవి కొత్తవాళ్లకు నేనే చెబుతుంటాను.

ఎర్రసిరా

ముప్పై ఏళ్లుగా ఇతరుల లెక్కలు చూసి బతుకుతున్నాను కాబట్టి రెండు మాటలు.

మీ లాభనష్టాల పట్టికలో మీ జీతం ఉందా? "లాభమంతా నాదే కదా, మళ్లీ జీతం ఎందుకు" అనే సమాధానం నేను నెలకు పదిసార్లు వింటాను. మీరు చేసే పనికి బయటినుంచి మేనేజర్‌ను పెట్టుకుంటే ఎంత ఇవ్వాలో అంత తీసేయండి. షెడ్డు మీ సొంతమైతే దానికి రావలసిన అద్దె తీసేయండి. మీరు పెట్టిన డబ్బు ఇంకెక్కడైనా ఉంటే వచ్చే వడ్డీ తీసేయండి. మిగిలిందే వ్యాపారం మీకు ఇచ్చిన లాభం. ఇలా తీసేసినవాటినే అర్థశాస్త్రంలో అవకాశ వ్యయం అంటారు. ఆ లెక్క వేసినప్పుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నవాళ్లను చాలామందిని చూశాను. ఏళ్ల తరబడి లాభాల్లో ఉన్నామనుకున్నవారు నిజానికి తక్కువ జీతానికి తమ దగ్గర తామే పనిచేస్తున్నారు.

రెండోది ఆ ఫీజు సంగతి. లాభం ఉండి చేతిలో డబ్బు లేకపోవడం వింతేమీ కాదు, పెరిగే వ్యాపారాలకు పట్టే జబ్బే అది. నెలకు 100 అమ్ముతారు, దానికి 80 ఖర్చు అనుకుందాం. ఖర్చులు ముప్పై రోజుల్లో కడతారు, మీకు రావలసింది తొంభై రోజులకు వస్తుంది. మధ్యలో అరవై రోజులు. అంటే ఎప్పుడు చూసినా మీ డబ్బు 160 బయట ఇరుక్కుని ఉంటుంది. అమ్మకాలు రెట్టింపు చేశారా, ఇంకో 160 పోసి తీరాలి. నెలకు 20 చొప్పున ఇప్పుడు వస్తున్న లాభం లెక్కన అది ఎనిమిది నెలల లాభం. పెద్ద ఆర్డరు వచ్చిందని అందరూ అభినందిస్తున్నప్పుడే యజమాని ముఖం వాడిపోవడానికి కారణం ఇదే.

మీ అంకె, మీ మిత్రుడి అంకె ఒకే జాతివి కావు. ఆయనది ఖర్చు పెట్టుకోగలిగే అంకె. మీది, కొనేవాడు దొరికిన రోజున తేలే అంకె.

కొత్తచివురు

పెద్దలు చెప్పింది కాదనను. కానీ జీతంతో ఎవరైనా గొప్ప ధనవంతులయ్యారా? ప్రపంచంలో అత్యంత సంపన్నుల పేర్లు తీయండి, దాదాపు అందరూ ఏదో ఒక సంస్థలో వాటా ఉన్నవారే. ముప్పు మోయనివాడికి ప్రతిఫలం కూడా ఉండదు. నేను వచ్చే నెల ఉద్యోగం వదిలేసి సాఫ్ట్‌వేర్ సంస్థ పెడుతున్నాను. మూడో అంతస్తు గారిని చూసి జాలిపడాలో, అసూయపడాలో తెలియడం లేదు.

ఎర్రసిరా

కొత్తచివురు గారూ, ఆ జాబితాలో గెలిచినవారే ఉంటారు. ఓడినవారి జాబితా ఎవరూ అచ్చువేయరు, వేయాలంటే కాగితం చాలదు.

అమెరికా కార్మిక శాఖ లెక్కలు ఏళ్ల తరబడి చెబుతున్నది ఒకటే: కొత్తగా మొదలైన వ్యాపారాల్లో సుమారు అయిదో వంతు మొదటి ఏడాదిలోనే మూతపడతాయి, అయిదేళ్లు తిరిగేసరికి దాదాపు సగం ఉండవు. మూతపడినవన్నీ దివాలా తీశాయని కాదు, కొందరు అమ్ముకుంటారు, కొందరు విసిగి మానేస్తారు. అయినా సగం సగమే.

నిలదొక్కుకున్నవారి సంగతి ఇంకా ఆసక్తికరం. బార్టన్ హామిల్టన్ అనే ఆర్థికవేత్త 2000లో అమెరికా సమాచారంతో ఒక పరిశోధన ప్రచురించాడు. పదేళ్లు సొంత వ్యాపారంలో ఉన్నవారిలో సరిగ్గా మధ్యన ఉండే మనిషి ఆదాయం, అంతే కాలం ఉద్యోగంలో ఉంటే వచ్చేదానికంటే 35 శాతం తక్కువ అని తేల్చాడు. సగటు తీస్తే ఇంత నీరసంగా కనిపించదు, పైనున్న కొద్దిమంది దాన్ని మోస్తారు. మీరు ఆ కొద్దిమందిలో ఉండవచ్చు. వద్దనను. అయితే మీ నిర్ణయం వాళ్ల కథలు చదివి తీసుకున్నది అయి ఉండకూడదు.

పాతబాకీ

ఆ 35 శాతం అంకెను అందరూ భయపెట్టడానికే వాడతారు. అదే హామిల్టన్ దానికి చెప్పిన కారణం కూడా చెప్పండి మరి. సొంత యజమానిగా ఉండడంలో డబ్బుకు అందని సుఖం ఏదో ఉంది కాబట్టే, తక్కువ వచ్చినా జనం అందులో ఉంటున్నారు అన్నాడు. పద్నాలుగేళ్లు ఒకరి కింద పనిచేశాను, పదకొండేళ్లుగా నా కింద నేను. మళ్లీ వెళ్లమంటే వెళ్లను. ఉద్యోగానికి మాత్రం దాగిన ఖర్చు లేదా? యాభై ఏళ్లకు పిలిచి ఒక కవరు చేతిలో పెడితే ఆ ఖర్చు ఒక్కరోజులో బయటపడుతుంది.

సగం తలుపు

నేను మూసేసినవాడిని. ఇక్కడ ఎక్కువగా రాయను, ఈరోజు రాయాలనిపించింది.

నాది పరిమిత బాధ్యత గల కంపెనీ. రిజిస్టర్ చేసిన రోజున సలహాదారు చెప్పిన మాట ఇంకా గుర్తుంది: "కంపెనీ వేరు, మీరు వేరు. అది మునిగినా మీ ఇల్లు మునగదు." చట్టం నిజంగా అదే చెబుతుంది. బ్రిటన్‌లో 1855లో పరిమిత బాధ్యత చట్టం వచ్చింది. 1897లో సాలమన్ అనే చెప్పుల వ్యాపారి కేసులో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్, కంపెనీ దాదాపు మొత్తం ఒక్క మనిషిదే అయినా, చట్టం దృష్టిలో ఆ మనిషి వేరు, కంపెనీ వేరు అని తీర్పు చెప్పింది. అంత కష్టపడి కట్టిన గోడ అది. దాన్ని పడగొట్టడానికి బ్యాంకుకు ఒక్క కాగితం చాలు. కంపెనీ కట్టలేకపోతే నా సొంత ఆస్తినుంచి కడతానని రాసిచ్చే వ్యక్తిగత పూచీ అనే కాగితం.

నేను దాన్ని చదవకుండా సంతకం చేశాను. చదివినా చేసేవాడినేమో. డెబ్బై పేజీల కట్టలో అది అరవయ్యో పేజీ, బయట లారీ సరుకు దించుకుని డబ్బు కోసం నిలబడి ఉంది. మా ఆవిడతో కూడా సంతకం పెట్టించారు, ఆమె ఒక్కసారి కూడా ఆ కార్యాలయంలో అడుగుపెట్టని మనిషి. కంపెనీ మూసింది ఒక్క రోజులో. బాకీ తీరింది ఆరేళ్లకు. ఆ ఆరేళ్లూ నేను ఉద్యోగం చేశాను, మంచి జీతమే వచ్చింది, కానీ ఒకటో తారీఖున వచ్చింది మూడో తారీఖుకు మాది కాదు.

ఆపిల్ సంస్థలో మూడో భాగస్వామి ఒకాయన ఉన్నాడని చాలామందికి తెలియదు. రోనాల్డ్ వేన్. 1976 ఏప్రిల్ 1న జాబ్స్, వోజ్నియాక్‌లతో కలిసి సంతకం చేశాడు, పది శాతం వాటా. పన్నెండు రోజుల్లోనే 800 డాలర్లకు వదులుకున్నాడు. ప్రపంచమంతా ఆయన్ను చూసి నవ్వుతుంది. నేను నవ్వలేను. అప్పటికి అది కంపెనీ కాదు, మామూలు భాగస్వామ్యం. బాకీ తేలకపోతే ముగ్గురిలో ఎవరి దగ్గర ఆస్తి ఉంటే వాళ్ల మీద పడతారు. జాబ్స్, వోజ్నియాక్‌లు కుర్రవాళ్లు, వాళ్ల దగ్గర పట్టుకుపోవడానికి ఏమీ లేదు. వేన్ దగ్గర ఉంది. అంతకుముందే ఆయన ఒక వ్యాపారంలో దెబ్బతిని ఆ అప్పులు తీర్చుకున్న మనిషి. ఆరోజు ఆయన చేసిన లెక్కలో తప్పు నాకు కనిపించదు.

రెండో కుర్చీ

సగం తలుపు గారూ, ఆ సంతకం మాట రాసినందుకు ధన్యవాదాలు. నేను అలా సంతకం పెట్టిన భార్యల్లో ఒకదాన్ని. మావారి వ్యాపారం మూతపడలేదు, బాగానే నడుస్తోంది. అయినా చెబుతాను.

పై లెక్కలన్నింటిలో నాలాంటివాళ్లం ఎక్కడా లేము. ఎర్రసిరా గారు యజమాని జీతం తీసేయమన్నారు, బాగుంది. మొదటి నాలుగేళ్లు పిల్లలు పడుకున్నాక బిల్లులు రాసింది ఎవరు? బాకీ వసూలు చేసేవాళ్ల ఫోన్లకు "ఆయన ఊళ్లో లేరండీ" అని అబద్ధం చెప్పింది ఎవరు? ఆ అబద్ధానికి కూలి ఎంత వేద్దాం? మా ఇంటి ఖర్చు మొత్తం నా జీతం మీద నడిచింది కాబట్టే ఆయన కంపెనీలో లాభం కంపెనీలోనే ఉండిపోయి పెరిగింది. ఏ పట్టికలోనూ నన్ను పెట్టుబడిదారు అని రాయలేదు.

మూడో అంతస్తు గారూ, మీరు ఫీజు రెండు వారాలు ఆపమన్నారు కదా. బ్యాంకు వడ్డీ అడుగుతుంది, సరుకు ఇచ్చినవాడు నోటీసు పంపుతాడు, పనివాళ్లు శుక్రవారం గుమ్మంలో నిలబడతారు. వడ్డీ అడగకుండా, గడువు పెట్టకుండా ఆగేది ఇల్లు ఒక్కటే. అందుకే కోత ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. మీ ఆవిడ మీకు వడ్డీ లేని అప్పు ఇస్తున్నారు. ఆమెకు ఆ సంగతి మీరు ఎప్పుడైనా చెప్పారా?

ఇంకొకటి. మావారు తొమ్మిదింటికి ఇంటికి వస్తారు, కానీ ఇంట్లోకి రావడానికి పదకొండు అవుతుంది. ఎదురుగా కూర్చుని ఉంటారు, మా అబ్బాయి ఏదో చెబుతుంటాడు, ఆయన తల ఊపుతుంటారు. ఎనిమిదేళ్లకే వాడు ఒక పరీక్ష కనిపెట్టాడు. మధ్యలో "నిన్న నేను చంద్రుడి మీదికి వెళ్లొచ్చాను నాన్నా" అంటాడు. ఆయన తల ఊపితే లేచి వెళ్లిపోతాడు.

మూడో అంతస్తు

రెండో కుర్చీ గారూ, నిన్న రాత్రి మీరు రాసింది రెండుసార్లు చదివి ఫోను పక్కన పెట్టేశాను. చెప్పలేదండీ. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

సగం తలుపు గారు చెప్పిన కాగితం నా దగ్గరా ఉంది. ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. దానికి పరిమితి ఉందో లేదో చూడాలి.

ఖాళీ సోమవారం

అమ్మేసినవాళ్లు ఎవరూ రాయలేదు కాబట్టి నా వంతు. అందరూ కలలు కనేది ఆ రోజు గురించే కదా.

పత్రికలో వచ్చే ధర వేరు, ఖాతాలో పడే డబ్బు వేరు. కొత్తచివురు గారు ముఖ్యంగా చదవాలి. బయటి పెట్టుబడిదారు 40 పెట్టి 40 శాతం వాటా తీసుకున్నాడు, మిగిలిన 60 శాతం మీది. కంపెనీ 60కి అమ్ముడుపోయింది. మీకు 36 వస్తుందనుకుంటారు. ఒప్పందంలో "ముందుగా పెట్టుబడి వెనక్కి" అనే షరతు ఉంటుంది, దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఆయన ముందు తన 40 తీసుకుంటాడు. మీకు మిగిలేది 20. అసలు తీసుకున్నాక మిగిలినదాంట్లోనూ వాటా పంచుకునే షరతు ఉంటే ఆయన ఇంకో 8 తీసుకుంటాడు, మీకు 12. ఆపైన పన్ను. ఆపైన, రేపు ఏదైనా వివాదం వస్తే అని కొంత సొమ్ము ఏడాదో ఏడాదిన్నరో పక్కన ఉంచుతారు. ఇంకొంత, మీరు రెండు మూడేళ్లు కొత్త యజమాని దగ్గర పనిచేసి ఫలానా లక్ష్యాలు అందుకుంటేనే ఇస్తారు. నా సంస్థలో నేను ఉద్యోగిగా గడిపిన ఆ రెండేళ్ల గురించి ఇక్కడ రాయను, కోపం ఇంకా చల్లారలేదు.

పెట్టుబడి పెట్టినవాడి చేతికి పని వెళ్లిపోవడం నిన్నమొన్నటి సంగతి కాదు. గూటెన్‌బర్గ్ అచ్చు యంత్రానికి యోహాన్ ఫుస్ట్ అనే ధనికుడు అప్పిచ్చాడు. బైబిల్ ముద్రణ పూర్తవుతున్న రోజుల్లోనే, 1455లో, ఫుస్ట్ దావా వేసి గెలిచాడు. ముద్రణాలయం ఫుస్ట్‌కు దక్కింది, గూటెన్‌బర్గ్ దగ్గర పనిచేసిన షోఫర్ ఫుస్ట్‌తో కలిశాడు. ప్రపంచాన్ని మార్చిన మనిషి తన యంత్రాన్నే నిలబెట్టుకోలేకపోయాడు.

ఇవన్నీ పోగా నాకు మిగిలింది తక్కువేమీ కాదు, బతికినన్నాళ్లూ సరిపోతుంది. మొదటి సోమవారం ఉదయం ఆరింటికి లేచి తయారై కారు దగ్గరికి వెళ్లి, తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ ఫోను చేయలేదు. పదిహేనేళ్లు ఆ ఫోనును తిట్టుకున్నాను. ఆరోజు దాన్ని బాగుచేసే దుకాణానికి తీసుకువెళ్లాలనిపించింది. స్నేహితులు అనుకున్నవారిలో చాలామంది ఖాతాదారులో, సరుకు ఇచ్చేవారో. అసలు స్నేహితులను మొదటి అయిదేళ్లలోనే పోగొట్టుకున్నాను, వాళ్లు పిలిచిన ప్రతిసారీ "ఈ నెలాఖరు గడవనీ" అని.

కొత్తచివురు

అయితే అందరూ కలిసి మానుకోమంటున్నారా? సూటిగా చెప్పండి. నా రాజీనామా పత్రం సిద్ధంగా ఉంది.

ఎర్రసిరా

మానుకోమని ఎవరు అన్నారు? ధర చూసి కొనమంటున్నాము.

నా దగ్గరికి వచ్చేవాళ్లకు చెప్పేది చెబుతాను. మొదటి నెలనుంచే మీకు జీతం వేసుకోండి, చిన్నదైనా సరే. ఇవ్వలేకపోతే కంపెనీ మీకు బాకీ పడినట్టు లెక్కలో రాయండి, కనీసం అబద్ధం ఉండదు. ఎన్ని నెలలు, ఎంత డబ్బు పోయాక ఆపేస్తారో ఇప్పుడే రాసి ఇంట్లోవాళ్ల చేతికి ఇవ్వండి. మునుగుతున్నప్పుడు మనిషికి "ఇంకొక్క నెల" అనే మాట తప్ప ఏదీ వినిపించదు. పూచీ ఇవ్వక తప్పకపోతే మొత్తానికి కాకుండా ఇంత వరకే అని పరిమితి రాయించండి. అడగనివాడికి ఇవ్వరు, అడిగినవాళ్లలో కొందరికి ఇవ్వడం చూశాను.

ఎవరూ వినని సలహా ఒకటి ఉంది. లాభం వచ్చిన ఏడాది కొంత బయటికి తీయండి. మాస్కోవిట్జ్, విసింగ్ యోర్గెన్సెన్ అనే ఇద్దరు 2002లో ప్రచురించిన పరిశోధనలో, అమెరికాలో సొంత వ్యాపారాలు పెట్టినవారు ఆస్తిలో చాలా భాగం ఒకే కంపెనీలో ఉంచుతారనీ, అంత ముప్పు మోసినా సగటున వచ్చే రాబడి మామూలు షేర్ మార్కెట్ రాబడి కంటే ఎక్కువేమీ కాదనీ తేల్చారు. నా ఖాతాదారులకు ఇది చెబితే "కంపెనీలో డబ్బు ఉంటే పెరుగుతుంది కదండీ" అంటారు. ఇల్లు, జీతం, ఆస్తి, పేరు అన్నీ ఒకే దూలానికి వేలాడదీయడం వాళ్లకు ధైర్యంలా కనిపిస్తుంది.

పాతబాకీ

ఇది మాత్రం ఒప్పుకుంటాను. ఏడో ఏట నా అమ్మకాల్లో అరవై శాతం ఒకే ఖాతాదారుకు వెళ్లేవి. యజమాని కింద పని వద్దనుకుని బయటికి వచ్చి, మళ్లీ ఒక్క యజమాని కిందే చేరానని వాళ్లు ధర తగ్గించమన్న రోజున తెలిసింది. ఈసారి నోటీసు గడువు కూడా లేదు.

రెండో కుర్చీ

కొత్తచివురు గారూ, మీకు పెళ్లయిందో లేదో తెలియదు. ఉద్యోగం వదిలే ముందు ఇంట్లోవాళ్లకు ఏది చెప్పారు, కలనా, లెక్కనా? మాకు కలే చెప్పారు.

ఇంకో పాత సంగతి. అమెరికా రచయిత మార్క్ ట్వేన్ అచ్చు అక్షరాలు కూర్చే ఒక యంత్రం మీద ఏళ్ల తరబడి డబ్బు పోశాడు, ఆ డబ్బులో భార్యకు పుట్టింటినుంచి వచ్చిన ఆస్తి కూడా ఉంది. 1894లో ఆయన ప్రచురణ సంస్థ దివాలా తీసింది. అప్పిచ్చినవాళ్లకు పూర్తిగా కట్టాలని 59 ఏళ్ల వయసులో ప్రపంచమంతా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చాడు, 1898 నాటికి అంతా తీర్చేశాడు. ఎక్కడ చదివినా దీన్ని ఆయన నిజాయితీకి గుర్తుగా చెబుతారు, నిజమే. ఆ పర్యటన ముగిసి ఆయన ఇంగ్లండులో ఉండగా, 1896 ఆగస్టులో, అమెరికాలో పెద్దమ్మాయి జబ్బుచేసి చనిపోయింది. తల్లి ఓడలో దారిలో ఉంది. అప్పు తీరిన సంవత్సరం అందరికీ గుర్తుంటుంది.

సగం తలుపు

ఈ చివరి సంగతి నాకు తెలియదు. కాసేపు ఏమీ రాయలేకపోయాను.

కొత్తచివురు

రాజీనామా ఇచ్చాను. కోపగించుకోకండి. అయితే మూడు నెలలు వాయిదా వేసి ఇచ్చాను. ఎర్రసిరా గారు చెప్పిన కాగితం రాసి మా అక్కకు ఇచ్చాను: పద్దెనిమిది నెలలు, దాచుకున్నదాంట్లో సగం, అంతే. అక్క దాని మీద తారీఖు వేయించుకుని, రెండో ప్రతి అడిగింది.

మూడో అంతస్తు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించాలి.

ఎర్రసిరా గారి లెక్క వేశాను. నా జీతం, షెడ్డు అద్దె, నా డబ్బుకు వడ్డీ తీసేస్తే, పన్నెండేళ్లలో నిజంగా లాభం వచ్చినవి నాలుగేళ్లు. ఆ నాలుగూ గత అయిదేళ్లలోనివే కాబట్టి మరీ దిగులుపడలేదు. మా ఆవిడ పక్కన కూర్చుని, ఆమె ఆపుకున్నవన్నీ ఒక పుస్తకంలో రాశాము. ఆమెకు నెలలతో సహా గుర్తున్నాయి. నాకు సగం అసలు తెలియవు. కంపెనీ ఆమెకు బాకీ ఉన్నట్టు రాయించాను, వచ్చే నెలనుంచి వాయిదాల్లో కడుతుంది. ఆమె నవ్వింది కానీ వద్దనలేదు.

బ్యాంకుకు కూడా వెళ్లాను. నా పూచీకి పరిమితి పెట్టడానికి ఒప్పుకోలేదు. మా ఆవిడ పేరు తీసేయడానికి ఒప్పుకున్నారు, షెడ్డు తాకట్టు సరిపోతుందట. పన్నెండేళ్లలో ఎప్పుడు అడిగినా సరిపోయేదేనట.

రెండో కుర్చీ

చాలా సంతోషం. నోటిమాటగా ఒప్పుకున్నారా, విడుదల చేసినట్టు కాగితం ఇచ్చారా?

మూడో అంతస్తు

సోమవారం రమ్మన్నారు. ఈసారి ఇద్దరం వెళుతున్నాము. ఆమె ముందుగా చదువుతానంది.